ముగ్గురికి మూడు గాలులు

ఆ ఆషాఢంలో, మా వైపు ఆడి మాసం అంటాం, మా ఇంట్లో ముగ్గురం మూడు రకాల గాలి కోసం మొక్కుకునేవాళ్ళం.

నాకు మా వీధిలో గాలి ఉండకూడదు. మా ఆయనకు దక్షిణాన గాలిమరల దగ్గర గాలి ఉండకూడదు. మా కూతురికి మాత్రం ముందురోజు తాను ఎంత వీస్తుందని చెప్పిందో అంతే వీయాలి, పిసరు ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. తిరుత్తణి కొండమీద కూర్చున్న మురుగన్ ఎవరి మాట వింటాడు పాపం? ముగ్గురిలో ఎవరి మాటా వినకుండా తనకు తోచినట్టు చేశాడు.

తిరుత్తణి నుంచి పళ్ళిపట్టు పోయే దారిలో మాదొక నేతగాళ్ళ వీధి. ఇంటి వెనక రేకుల షెడ్డులో మరమగ్గాలు. ఏడాదంతా లుంగీలు నేసినా మా వీధికి పేరు తెచ్చినవి ఆడి కృత్తిక తుండ్లు. ఆ పండక్కి కావడి మోసుకుని కొండెక్కే జనం భుజాన వేసుకునే పసుప్పచ్చ తువ్వాళ్ళు అవి. నా పేరు దేవసేన. మురుగన్ వల్లిని పెళ్ళాడిన ఊరి పక్కన పుట్టి సవతి పేరు పెట్టుకున్నావే అని చిన్నప్పటి నుంచి అందరూ ఆటపట్టించేవారు.

మా ఆయన కన్నన్ నాకు మేనమామ. అమ్మ తమ్ముణ్ణి చేసుకోవడం మాలో మామూలే. అందువల్ల మా అత్త కృష్ణమ్మ నాకు అమ్మమ్మ కూడా. అవ్వా అనే పిలుస్తాను. తిట్టేటప్పుడు అత్తగా తిడుతుంది, అన్నం పెట్టేటప్పుడు అమ్మమ్మగా పెడుతుంది.

ఆయన కుర్రతనంలోనే మగ్గం వదిలేశాడు. చెన్నైకి ఉత్తరాన ఆత్తిపట్టు దాటాక సముద్రం వైపు ఒక పాత థర్మల్ స్టేషన్లో, బాయిలర్ దగ్గర కాంట్రాక్టు పని. పేరెందుకులెండి. వారమంతా అక్కడే గదిలో ఉండి సెలవు రోజున ఇంటికొచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ షెడ్డు గుమ్మంలో నిలబడి ఒకటే పాట.

"ఈ ఇనుముని తూకానికి ఏసేద్దాం సేనా. ఒగరోజు తిరుగుతాయి, ఒగరోజు పడుకుంటాయి. వీటిని నమ్ముకోని యాడ బతికేది? నా ఉద్యోగం ఉండాది గదా, నిలకడగా."

నిలకడ అనే మాట ఆయన నోట్లో ఎప్పుడూ నానుతూ ఉండేది. వినీ వినీ నాకు ఒళ్ళు మండేది. వీధిలో అప్పటికే సగం ఇళ్ళలో మగ్గాలు పోయాయి. పోయిన చోట్ల పగలు కూడా ఒక రకమైన నిశ్శబ్దం, ఎవరో పోయిన ఇంట్లోలా. ఆ నిశ్శబ్దం మా ఇంట్లోకి రావడం నాకు భరించరానిది. నేను పెంచిన షెడ్డు అది. ఆ చప్పుడులోనే నా కూతురిని జోకొట్టాను.

ఆ ఏడు ఆడి మొదట్లో మాటా మాటా పెరిగి చివరికి పందెంలాగా తేలింది.

"సరే, ఆడి కృత్తిక ముందురోజు, భరణి పొద్దుటికి సుందరం అన్న అడిగిన తుండ్లన్నీ పోయినాయంటే మగ్గాలుంటాయి. నేనింక నోరెత్తను. పోలేదంటే పండగ దాటినాక పాత ఇనుమోడు వస్తాడు. సరేనా?" అన్నాడు.

"సరే" అన్నాను.

సుందరం అన్న అంటే తిరువళ్ళూరులో గుడి రథం నిలిపే తేరడి దగ్గర బట్టల అంగడి నడిపే ఆయన. కొండ కింద పండగ అంగళ్ళకు తుండ్లు పంపేది ఆయనే. నూలు రంగు చూపించడానికి పోతే ఆయన కూడా ముఖం అదోలా పెట్టుకున్నాడు.

"ఏమ్మా, పోయినేడు లేటు చేస్తివి. కావడోళ్ళు కొండెక్కి దిగినాక తుండ్లు తెస్తే నేనేం చేసుకునేది? అంగడి తుడుచుకునేదా?"

"ఈ తూరి అట్లకాదన్నా."

"ఈరోడు మిల్లోళ్ళకు ఫోన్ కొడితే లారీలో వచ్చి దిగతాయి. నీ తుండు మెత్తగా ఉంటాదని, జనం అడుగుతారని నీకిస్తా ఉండాను. భరణి పొద్దుటికి రాలేదా, ఈ ఏడే కాదు, ఇంకెప్పుడూ నువ్వు ఈ మెట్లెక్కవద్దు. కోపంగా చెప్పలేదమ్మా. మర్యాదగా, ముందుగానే చెప్తా ఉండాను."

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నా కుదురు లేదు. తిరువళ్ళూరు నుంచి ఇంటికొచ్చేదాకా తాటిచెట్ల తలలు గాలికి ఊగుతూనే ఉన్నాయి. ఆడి గాలి అంటే అంతే, మనిషిని ఒకచోట కూర్చోనివ్వదు.

ఇక మా కూతురు నిత్య. అంబత్తూరులో ఒక కంపెనీలో పని. పొద్దున తిరుత్తణిలో రైలెక్కితే తిరునిన్రవూరు వచ్చేసరికి కాలు మోపే చోటుండదు, అక్కడి నుంచి నిలబడే పోతుంది. తిరునెల్వేలి, తెన్‌కాశి వైపు కొండ సందుల్లో వేల గాలిమరలున్నాయి కదా, రేపు ఏ వేళకు వాటికి ఎంత గాలి తగులుతుందో ఈరోజే లెక్కగట్టి చెప్పడం ఆమె పని. అలాంటి లెక్కలు చూసుకునే, రేపు ఏ థర్మల్ యూనిట్ నడపాలి, దేన్ని ఆపాలి, బయటి రాష్ట్రాల నుంచి ఎంత కరెంటు తెప్పించుకోవాలి అని పెద్దాఫీసులో తేలుస్తారట. అవ్వకు ఇదంతా ఒక వేడుక. "గాలికి జాతకం రాసేదానికి కూడా జీతమిస్తారా!" అనేది.

ఆ జాతకం మా ఇంటిదే అని తెలిసింది, ఒకనాడు సెలవు కాని రోజున మా ఆయన సంచీ పట్టుకుని గుమ్మంలో దిగినప్పుడు.

"యూనిట్ని పడుకోబెట్టేసినారు" అన్నాడు చెప్పులు విడుస్తూ. "గాలి దండిగా ఉండాదంట. ఇప్పుడు బొగ్గు కాల్చేది దండగంట. పిలిస్తే రండి అనినారు."

"ఎప్పుడు పిలుస్తారు?"

"గాలి పడిపోతే."

అక్కడి నుంచి మొదలైంది మాకు. మనిషి ఇంట్లో ఉన్నాడే గాని ఒక్కచోట లేడు. వాకిట్లోకి పోతాడు, వేపచెట్టు కొమ్మ కదిలితే దాన్ని తిడతాడు, లోపలికొస్తాడు, ఫోన్ చూస్తాడు, మళ్ళీ వాకిట్లోకి. మగ్గం మీద చెయ్యి వేయమంటే "నేను బాయిలర్ మనిషిని" అంటాడు. కూర్చోమంటే లేస్తాడు. నిలకడ, నిలకడ అని నన్ను చంపుకు తిన్న మనిషి ఇలా ఆకులా అల్లాడుతుంటే లోపల నవ్వు రాలేదని అబద్ధం చెప్పను. నవ్వుతోపాటు జాలి కూడా వేసింది. ఆ జాలి బయటపెడితే ఇంకా మండిపోతాడని ఊరుకున్నాను.

రాత్రి అన్నాల దగ్గర తండ్రీ కూతుళ్ళకు రోజూ గొడవే.

"నీ గాలి చుట్టం మాదిరి నిత్యా. ఎప్పుడొస్తాదో తెలీదు, ఎప్పుడు పోతాదో తెలీదు. ఉన్నన్ని దినాలు ఇంట్లోవాళ్ళని బయటికి తరుముతాది. ఇంత పెద్ద దేశానికి కరెంటిచ్చేది ఇట్లాంటి చుట్టాన్ని నమ్ముకోనా?"

"చుట్టం వచ్చేది ముందే తెలిస్తే ఇబ్బంది ఏముండాది నాయినా? ఎంత బియ్యం పోయాలో తెలుస్తాది గదా. నా పనే అది."

"నువ్వు చెప్తే అది వింటాదా?"

"మీ బాయిలర్ మాత్రం చెప్పి ఆగుతాదా? పోయిన ఎండాకాలం ట్యూబు పగిలి పడుకున్నిందే, ఎవురికన్నా ముందు చెప్పిందా? గాలి తగ్గితే కొంచెం కొంచెం తగ్గుతాది. ఈ కొండలో మర ఆగితే ఆ కొండలో తిరుగుతాది. మీ యూనిట్ ఆగిందంటే మొత్తం ఒకే దెబ్బ."

"దాన్ని రిపేరు చేసేదానికి నేనుండాను. గాలిని రిపేరు చేసేదానికి ఎవుడుండాడు?"

అంకెలు చూపిద్దామని నిత్య ఫోన్ అందుకోబోయింది.

"మీ గాలి సంగతట్లా పెట్టండి, అన్నం ఆరిపోతా ఉండాది" అంది అవ్వ.

ఆ తరవాత నేను చేసిన ఘనకార్యం మా వీధివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

మా పడుగులు, అంటే మగ్గానికెక్కే నిలువు దారాల వరసలు, చిన్నవి. గంజి పెట్టడానికి మిల్లుకు పంపం. వీధిలోనే ఈ చివర నుంచి ఆ చివరకు సాచి, నలుగురం చేరి గంజి పూసి, బ్రష్షుతో దువ్వి, దారం దారం విడేలా ఆరబెడతాం. తెల్లారకముందు మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగించాలి. ఆ కాసేపూ గాలి వీయకూడదు. వీచిందా, దుమ్ము వచ్చి తడి గంజికి అంటుకుని, దారాలు ఒకదానికొకటి కరుచుకుంటాయి. ఆడి మాసంలో గాలి లేని పొద్దు దొరకడం మాకు లాటరీ తగిలినట్టే.

ఆ సాయంత్రం నిత్య రైల్లోంచి ఫోన్ చేసింది. గొంతు దిగులుగా ఉంది. "రేపటి నుంచి గాలి పడిపోతుందమా" అంది. రద్దీలో ఫోన్ పెట్టేసింది.

నాకు గంతులేయాలనిపించింది. ఇంట్లో వాతావరణ శాస్త్రం చదివిన పిల్లే చెప్పింది, ఇంకేం కావాలి! వీధంతా తిరిగి చెప్పాను. "మా నిత్య చెప్పింది, రేపు గాలుండదంట, ఉన్న పడుగులన్నీ సాచేయండి." మా తుండ్లకు కావలసిన పసుపు పడుగు మొత్తం బయటికి తీశాను. తిరుగుతున్న మగ్గాలు కూడా ఆపి ఆడవాళ్ళందరినీ గంజికి పిలిచాను. పక్కింటి పళని అన్న తన లుంగీ పడుగు తెచ్చాడు. చీకటితోనే వీధి పొడవునా పసుపూ నీలం చారలు పరుచుకున్నాయి. చూడటానికి ఎంత బాగుందో.

తూర్పు తెల్లబడుతుండగా మొదలైంది. ముందు ఒక కాగితం దొర్లుకుంటూ వచ్చింది. వెనకాలే దుమ్ము. అటు కొస నుంచి ఇటు కొస దాకా పడుగు తాడాట ఆడింది. పట్టుకున్నవాళ్ళం పట్టుకున్నట్టే కళ్ళు మూసుకుని నిలబడిపోయాం. ఎత్తి చుట్టేసరికి పసుపు పడుగులో ఒక పెద్ద పాయ జడ కట్టేసింది. దాన్ని విడదీయడంలోనే పగలంతా పోయింది. సాయంత్రం ఎట్లాగో మగ్గానికి ఎక్కించి మీట నొక్కితే, షెడ్డులో బల్బు ఎర్రగా కునికిపాట్లు పడి ఆరిపోయింది. వీధంతా కరెంటు పోయింది.

నిత్య ఇంటికొచ్చేసరికి నేను గుమ్మంలోనే కాచుకుని ఉన్నాను.

"గాలుండదంటివే! చూడు, వీధంతా నా ముఖాన ఉమ్ముతా ఉండాది!"

నిత్య సంచీ కూడా దించలేదు. "నేను చెప్పింది మన వీధి గాలి కాదమా! దక్షిణాన మరలుండే ఆరల్వాయిమొళి గాలి! అక్కడ పడిపోయింది. అందుకే ఇప్పుడు కరెంటు లేదు. చీకటి పడేటప్పుడే అందరూ కరెంటు వాడేది, సరిగ్గా అప్పుడు చాల్లా."

గాలి ఉండాల్సిన చోట లేదు, ఉండకూడని చోట ఉంది. కరెంటు ఉన్న పగలంతా మగ్గాలు ఆపి గంజికే పోగొట్టుకున్నాను, గంజి ఆరేసరికి కరెంటు లేదు. ఏడవాలో ఎవరిని తిట్టాలో తెలియలేదు. ముందు అవ్వ నవ్వింది. ఆ తరవాత మా ఆయన నవ్వాడు, ఇంటికొచ్చిన ఇన్నాళ్ళకు మొదటిసారి, పొట్ట పట్టుకుని. "అయ్యో పావం, మగ్గాలమ్మ కూడా గాలిని నమ్ముకున్నింది!"

నవ్వితే నవ్వాడు గాని నాకు ఆ రోజే ఒకటి తలకెక్కింది. ఎక్కడో ఆరేడు వందల కిలోమీటర్ల అవతల ఒక కొండ సందులో ఆకు కదలకపోతే ఇక్కడ నా మగ్గంలో నాడె ఆగుతుంది. ఇన్నేళ్ళు మీట నొక్కాను, తిరిగింది. ఎక్కడి నుంచి వస్తోందని ఒక్కనాడూ అడగలేదు.

ఆ మర్నాటి నుంచి నిత్య రోజూ రెండు గాలులూ విడివిడిగా చెప్పేది. అక్కడ ఇంత, ఇక్కడ ఇంత. "మధ్యాహ్నం మగ్గాలు ఆపొద్దుమా. ఎండ కరెంటు బాగా ఉంటాది అప్పుడు. సాయంత్రమే ఇబ్బంది" అంది. ఎండవేళ రేకుల కింద ఉడుకుతుందని మా వీధిలో తాతల నాటి నుంచి భోజనం చేసి నడుం వాల్చడం, చల్లబడ్డాక నేయడం అలవాటు. దాన్ని తిరగేశాం. తలకు తడిగుడ్డ కట్టుకుని మిట్టమధ్యాహ్నం నేశాను. తుండ్లు మూటలకెక్కుతుంటే నాకు ఊపిరి తిరిగింది. నాలుగు రోజులకు దక్షిణాన గాలి మళ్ళీ పుంజుకుంది. ఆ నాలుగు రోజులూ బయటి రాష్ట్రాల కరెంటుతో సర్దేశారట, పిలుపు రాని మా ఆయన మాత్రం వాకిట్లో ఫోన్ చేతిలో పట్టుకుని వేపచెట్టుతో తగువులోనే ఉన్నాడు.

భరణి దగ్గరపడింది. ఇంకొక్క పడుగు దిగితే సరుకు పూర్తి. అప్పుడు పడింది అసలు దెబ్బ.

"గురువారం సాయంత్రం వరకు అక్కడ గాలి నిలుస్తుంది" అని నిత్య లెక్క. దాన్ని నమ్ముకునే నేను నేత పని ఆ పగటికి పెట్టుకున్నాను. గురువారం పొద్దున్నే గాలి కూలిపోయింది. ఈసారి కొంచెం కొంచెంగా కాదు, నైరుతి గాలి మొత్తం నీరసించిపోయిందట. మధ్యాహ్నానికే వోల్టేజి లేదు. మోటార్లు మూలిగి కాలే వాసన వస్తే పరుగెత్తి ఆపేశాను. నిత్య సాయంత్రం రైలు దిగి వాడిన ముఖంతో వచ్చింది. ఆఫీసులో ఏమన్నారో అడగలేదు. అవ్వ మంచినీళ్ళిస్తే చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది.

మా ఆయన ఫోన్ మోగింది.

"ఆ… ఆ… వస్తా ఉండాను సార్." పెట్టేసి నిలబడ్డాడు. "యూనిట్ని లేపుతా ఉండారు."

ఇన్నాళ్ళు ఆ ఫోన్ కోసం కాచుకున్న మనిషి. ఆ రెండు రోజుల్లో కరెంటు ఎప్పుడు ముక్కలు ముక్కలుగా వచ్చినా మగ్గాలన్నీ ఒకేసారి తిప్పాలి. నేనొక్కదాన్నే ఎన్నింటి వెనక పరుగెత్తేది?

"పోవద్దు మామా" అన్నాను. "భరణి దాకా నా పక్కన ఉండు. నీకు చేతకాని పని కాదు. ఈ ఒక్క తూరి."

"ఉండి ఏం చేసేది సేనా? నేను పోకుంటే కరెంటు యాడనుంచి వస్తాది? చల్లారిపోయిన బాయిలర్. దాన్ని లేపేదంటే ఒక రాత్రి, ఒక పగలు. దాని మొండితనం తెలిసినోళ్ళం కొంతమందే ఉండాం."

"మగ్గాలు పోయినా పరవాలేదా నీకు?"

సంచీలో లుంగీ కుక్కుకున్నాడు. చెప్పులేసుకోబోయి ఆగాడు. వెనక్కి తిరిగి నిత్య ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

"మళ్ళా ఎప్పుడు లేస్తాది గాలి?" అని అడిగాడు.

ఆ సీజన్ మొత్తంలో ఆయన కూతుర్ని గాలి గురించి అడగడం అదే మొదలు. తిట్టాడు, ఎగతాళి చేశాడు, అడగలేదు.

నిత్య తల ఎత్తలేదు. "నిన్ననే తప్పు చెప్పినాను నాయినా. నన్నడుగుతావా?"

"తప్పు చెప్పినావు. ఇప్పుడు సరిగ్గా చూసి చెప్పు. మాకు తెలియాల గదా, ఎంతసేపు నిలబెట్టాలో."

నిత్య గ్లాసు కిందపెట్టి ల్యాప్‌టాప్ తెరిచింది. చాలాసేపు చూసింది. ఆయన బస్సు పోతుందని కూడా తొందర పెట్టలేదు.

"శనివారం తెల్లారేటప్పటికి వస్తాది" అంది.

"అంతదాకా నిలబడితే చాలా?"

"చాలు."

"నిలబెడతాం" అని లేచి వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దంతా మేము ముగ్గురు ఆడవాళ్ళం ఆగిన మగ్గాల మధ్య కూర్చున్నాం. నిత్య ఆఫీసుకు పోలేదు, షెడ్డు గుమ్మంలోనే కూర్చుని పని చేసింది. ఎండవేళ కాస్త నేశాం. మళ్ళీ పోయింది. ఆయన ఒకసారి ఫోన్ చేశాడు. వెనకాల ఏదో హోరు. "ఆయిల్ పోసి వెలిగించినాం. దగ్గుతా ఉండాది ముసిల్ది. సాయంత్రానికి లేస్తాది చూడు" అన్నాడు. గొంతులో ఎన్నాళ్ళకో హుషారు.

దీపాలు పెట్టే వేళకు బల్బు వెలిగింది. ఎర్రగా కాదు, తెల్లగా. మేము నమ్మక కాసేపు అలాగే చూశాం. తరవాత మీటలు నొక్కాను. అన్ని మగ్గాలూ ఒక్కసారి అందుకున్నాయి. పక్కింట్లో పళని అన్న మగ్గాలు కూడా. వీధి వీధంతా చప్పుడు. అవ్వ కూడా కొంగు బిగించి తెగిన దారాలు ముడేయడానికి వచ్చింది.

ఆ చప్పుడులో నిత్య చెవి దగ్గర అరిచాను. "ఇది మీ నాయిన కరెంటేనా?"

"ఏమో మా! అన్నీ ఒకే తీగలో పడతాయి. నాయిన బొగ్గు, ఉత్తరాది నుంచి వచ్చేది, మిగిలిన గాలి, అన్నీ. ఎవురిది ఎంతో విడదీసేదానికి అయ్యేది లేదు."

అయ్యేది లేదని పిల్ల చెప్పింది గాని నాకు తెలుసు. ఆ పూట నా షెడ్డులో తిరిగింది మా ఆయన చెమట. నన్ను ఎవరూ ఒప్పించలేరు.

శనివారం తెల్లవారుతుండగా ఆఖరి తుండు మగ్గం దిగింది. కోసి మడత పెడుతూ చూస్తే నిత్య గుమ్మంలో ఫోన్ కేసి చూస్తూ నిలబడి ఉంది.

"వచ్చిందిమా గాలి" అంది. "సరిగ్గా వచ్చింది."

సంతోషించాల్సిన మాట. అది నవ్వలేదు. అలసిపోయిందేమో అనుకున్నాను. తరవాత తనే చెప్పింది. "నాయిన్ని మళ్ళా ఇంటికి పంపించేస్తారు."

ఆ పొద్దే భరణి. కొండ కింద సుందరం అన్న వేసిన పండగ అంగడికి మూటలు దించాం. అప్పటికే కావళ్ళు బారులు తీరాయి. సుందరం అన్న పై మూట విప్పి, ఒక తుండు చెంపకు ఆనించుకుని చూశాడు. "నువ్వు రాకుండా ఉంటే ఈరోడోడికి ఫోన్ చేసుంటానమ్మా. చేత్తోనే పట్టుకోని ఉండాను" అని ఫోన్ చూపించాడు. "వచ్చే ఏడు ఇంకొంచెం ముందుగా ఇయ్యి."

వచ్చే ఏడు! నేను ఆ జనంలో నిలబడి ఏడ్చేశాను. మగ్గాలు నిలిచాయి. ఆ మాట మా ఆయన ముఖం మీద చెప్పాలని, ఏం పందెం కాశావో గుర్తుందా అని దెప్పాలని ఇంటికి దారంతా మాటలు కూర్చుకున్నాను.

ఆయన కృత్తిక దాటిన మర్నాడు వచ్చాడు. ఈసారి చేతిలో సంచీ ఒక్కటే కాదు. గదిలో ఉండాల్సిన చాప, చిన్న స్టవ్వు, గోడకు తగిలించుకునే అద్దం, అన్నీ తెచ్చుకున్నాడు. నేను ఎదురుపోయి స్టవ్వు అందుకున్నాను.

"ఇంక ఆ యూనిట్ని వెలిగించరంట" అన్నాడు చాప గోడకానిస్తూ. "ముసిల్దైపోయింది, అది లేచేలోపల గాలే లేస్తా ఉండాది అనినారు. ఈ తూరి వెలిగించిందే కడసారి. కాంట్రాక్టోళ్ళని ఎవురింటికి వాళ్ళని పొమ్మనినారు."

నిత్య స్తంభానికి ఆనుకుని నిలబడింది. "నా లెక్క చూసేనా నాయినా?"

"నీదొక్కదాని లెక్కతో ఎవురన్నా బాయిలర్ ఆపుతారా తల్లీ? దానికి వయసైపోయింది." నీళ్ళు తాగాడు. మూతి తుడుచుకున్నాడు. "శనివారం తెల్లారి కంట్రోల్ రూమ్ బయట నిలబడుండాము. లోపల్నుంచి ఒకాయన వచ్చి, గాలి లేస్తా ఉండాది, మీది దించేయొచ్చు అనినాడు. సరిగ్గా నువ్వు చెప్పిన వేళకే. మా కూతురు గురువారమే చెప్పింది సార్ అనినాను. ఎవురూ నమ్మలా."

నిత్య కొంగు లేని పిల్ల, చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆయన దాని తల మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచాడు. అవ్వ వంటింట్లోకి పోయి గిన్నెలు అవసరం లేకుండా చప్పుడు చేసింది.

పండగ తుండ్లు అయిపోయాక షెడ్డులో లుంగీ పడుగులు ఎక్కించి ఉన్నాను. ఆయన లేచి షెడ్డు గుమ్మం దాకా పోయాడు. ఎప్పుడూ నిలబడి తూకం మాట ఎత్తే చోటే. ఈసారి గుమ్మం దాటి లోపలికి దిగాడు. మగ్గాల వరసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"నాది ఏ మగ్గం?" అని అడిగాడు.

ఇన్నేళ్ళుగా దాచుకున్న జవాబులు నా నాలుక చివర ఎన్ని ఉన్నాయో. ఒక్కటీ అనబుద్ధి కాలేదు.

"గోడవారది" అన్నాను. "దాని పడుగు ఊరికే తెగతా ఉంటాది. మెల్లగా చూసుకో."